కాటి సుంకమూ కంపెనీ షేరూ

(భీమవరంలో చిన్న మదుపరుల నెలవారీ సమావేశంలో ఒక ఆడిటరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం అండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అక్కడ చివరిదాకా వినపడుతోందా? సరే.

ఈ నెల దేని గురించి మాట్లాడుతున్నానో తెలిసి ఇద్దరు పెద్దవాళ్ళు ఫోన్ చేశారు. చావు మీద వ్యాపారం, దాని మీద మళ్ళీ షేర్లు, అది పాపపు సొమ్ము కాదా, మన సభలో ఈ మాటలెందుకు అన్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమైంది. అయినా మాట్లాడదామనే వచ్చాను. ఎందుకంటే, పోయిన నెల ఒక కుర్రాడు లేచి అడిగాడు, మీలో చాలామంది విన్నారు. అమెరికాలో అంత్యక్రియలు చేసే కంపెనీ షేరు ఉంది, యాప్‌లో కొనుక్కోవచ్చు, మనుషులు ఎప్పుడూ చనిపోతూనే ఉంటారు కదా, ఇంతకంటే నమ్మకమైన వ్యాపారం ఇంకేముంటుంది అని. మంచి ప్రశ్న. ఆ పూట రెండు ముక్కల్లో చెప్పి పంపేయడం నాకు ఇష్టం లేకపోయింది. నెల రోజులు కూర్చుని కాగితాలు చదివాను.

మనుషులు ఎప్పుడూ చనిపోతూనే ఉంటారు. నిజమే. కానీ ఆ కంపెనీకి లాభం వచ్చేది అక్కడేనా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళదాం.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మా తాతగారు 1986 ఆగస్టు వరదల్లో పోయారు. మాది కోనసీమలో లంక గ్రామం. ఆ వరద చూసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు, నేను వర్ణించక్కర్లేదు. మా ఊరి శ్మశానం నీళ్ళలో ఉంది. పాడె పడవలో పెట్టి, ఎదురు నీటిలో అవతలి ఏటిగట్టు దాకా తీసుకెళ్ళారు. కర్రలు గట్టు మీది ఊరివాళ్ళిచ్చారు. తిరిగొచ్చాక మా పెదనాన్న పడవ మనిషికి డబ్బులివ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కాటికి దాటించినదానికి డబ్బు తీసుకోవడం వాళ్ళ ఇంట్లో లేదట. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. ఆ చేతులు నాకింకా కనపడుతూనే ఉంటాయి.

తర్వాత చాలా ఏళ్ళకు మా నాన్నగారు పోయారు. ఊళ్ళో కాదు, టౌన్లో. నేను ముప్ఫై ఐదేళ్ళుగా లెక్కలు చూసే మనిషిని. రైతుబజారులో కూడా తూకం చూసుకునిగానీ కదలను. ఆ రోజు ఫ్రీజర్ బాక్సు అద్దె ఎంతని అడగలేదు. వ్యాను ఎంతని అడగలేదు. కర్రలు ఎంత, నెయ్యి ఎంత, మనుషుల కూలి ఎంత, ఒక్కటీ అడగలేదు. ఎవరు ఏ అంకె చెబితే అది ఇచ్చేశాను. పెద్దకర్మ అయిపోయి, అస్థికలు అంతర్వేదిలో సాగర సంగమంలో కలిపి వచ్చాక, ఆ చీటీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. బాక్సు మా ఇంట్లో ఉన్నది ఒక్క రాత్రి. రెండు రోజుల అద్దె రాశారు. వెళ్ళి అడిగానా? అడగలేదు. మీరైతే అడుగుతారా? తండ్రి శవాన్ని పక్కన పెట్టుకుని బేరమాడాడు అంటారని భయం. ఆయనకి చేసే ఆఖరి ఖర్చులో కూడా లెక్కలేనా అని మన మనసే మనల్ని అంటుంది.

ఇదిగో, ఈ వ్యాపారానికి ఉన్న అసలు బలం ఇదండీ. చనిపోయేవాళ్ళ సంఖ్య కాదు. బతికున్నవాళ్ళు బేరమాడలేకపోవడం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు ఇంగ్లండు వెళదాం. అక్కడ డిగ్నిటీ అని ఒక కంపెనీ ఉంది. ఎనిమిది వందల పైచిలుకు అంత్యక్రియల దుకాణాలు, నలభైకి పైగా దహనవాటికలు ఉండేవి. 2004లో లండన్ ఎక్స్‌ఛేంజీలో లిస్టయింది. పదేళ్ళకు పైగా మదుపరులకు బంగారు బాతు. 2016లో షేరు 25 పౌండ్లు దాటింది. అప్పట్లో కొన్నవాళ్ళంతా మన కుర్రాడి మాటే అనేవాళ్ళు. మనుషులు చనిపోతూనే ఉంటారు కదా అని.

మరి ఆ లాభం ఎలా పెరిగింది? బ్రిటన్‌లో ఏటా ఆరు, ఆరున్నర లక్షల మంది చనిపోతారు. మామూలు ఏళ్ళలో ఆ అంకె పెద్దగా కదలదు. మనుషులు పెరగకుండా లాభం ఏటా పెరగాలంటే ఏం పెరగాలి? చెప్పండి. అవును, ధర పెరగాలి. అక్కడి పోటీ నియంత్రణ సంస్థ, సీఎంఏ అంటారు, 2018 నవంబరులో ఈ రంగం మొత్తాన్ని చూసి చెప్పింది: అంత్యక్రియలకు తప్పనిసరి అయిన ఖర్చులు 14 ఏళ్ళపాటు ఏటా 6 శాతం చొప్పున పెరిగాయి, మిగతా ధరల పెరుగుదలకు అది రెండింతలు అని. ఆరు శాతమే కదా అనుకుంటాం. వంద రూపాయలది పద్నాలుగేళ్ళకి 226 రూపాయలవుతుంది. ఆ 226 ఇచ్చింది ఎవరు? ఆ రోజు నాలాగ ఏమీ అడగలేని కొడుకులు, కూతుళ్ళు.

అలా ఎంతకాలం నడుస్తుంది? చవగ్గా చేస్తామని కొత్తవాళ్ళు వచ్చారు. ఇంటర్నెట్‌లో ధరలు కనపడటం మొదలైంది. 2018 జనవరిలో డిగ్నిటీ తన సాదా అంత్యక్రియ ధరను పాతిక శాతం తగ్గించి 1,995 పౌండ్లు చేసింది. ఆ ఒక్క రోజులో షేరు దాదాపు సగం పడిపోయింది. ఆ రోజు బ్రిటన్‌లో చనిపోయేవాళ్ళు తగ్గారా? లేదు. మారింది బేరం ఒక్కటే.

అప్పుడే మా మేనల్లుడు ఫోన్ చేశాడు, వాడు ఇంగ్లండులోనే ఉద్యోగం చేస్తున్నాడు. షేరు సగానికి పడింది మామయ్యా, ఇప్పుడు కొననా అని. వార్షిక నివేదిక తర్వాత చదువుదువుగాని, ముందు మీ ఊళ్ళో మూడు అంత్యక్రియల దుకాణాలకి వెళ్ళి ధర అడిగి రా అన్నాను. వాడు ఇబ్బంది పడుతూనే వెళ్ళాడు. ఒక చోట పూర్తి ధర చెప్పలేదు, ఇంటికొచ్చి మాట్లాడతామన్నారు. మిగతా రెండు చోట్లా చెప్పిన ధరల మధ్య ఎంతో తేడా. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, రెండు దుకాణాల బోర్డుల మీద వేర్వేరు పాత కుటుంబాల పేర్లున్నాయి, యజమాని మాత్రం ఒకే కంపెనీ. వీధిలో వెళ్ళేవాడికి అది తెలిసే దారే లేదు. కొనొద్దు, ఈ ధరలు వెలుగులోకి వచ్చాక చూద్దాం అన్నాను.

వచ్చాయి. 2020 డిసెంబరులో సీఎంఏ చివరి నివేదిక ఇచ్చింది. గరిష్ఠ ధర ఇంత అని కట్టడి చెయ్యలేదు, కోవిడ్ కాలం కాబట్టి అది కుదరదంది. కానీ 2021 సెప్టెంబరు నుంచి ప్రతి దుకాణంలో ఒకే నమూనాలో ధరల పట్టిక పెట్టాలి, అసలు యజమాని ఎవరో రాయాలి. అంతే. అమెరికాలో ఇలాంటి నియమం 1984 నుంచే ఉంది. ఫోన్ చేసి అడిగినా ధర చెప్పి తీరాలి అక్కడ.

ఇక్కడ నాకు హరిశ్చంద్రుడు గుర్తొస్తాడండీ. కాటి సీను చూస్తూ పెరిగినవాళ్ళం మనం. జాతరల్లో తెల్లవార్లూ చూశాం. ఆయన సుంకం అడిగాడు, కట్టుకున్న భార్యనే అడిగాడు, కన్నకొడుకు శవం ఎదురుగా ఉంటే అడిగాడు. చిన్నప్పుడు అది చూసి ఎంత కఠినుడో అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంకోటి కనపడుతోంది. కాటి సుంకం ఎంతో అందరికీ ముందే తెలుసు. రాజుకైనా పేదకైనా ఒకటే. ఏడుస్తున్నవాళ్ళని చూసి ఆయన పెంచలేదు, తనవాళ్ళని చూసి తగ్గించలేదు. నాకు ఫోన్ చేసిన పెద్దలు అడిగారు కదా, ఇది పాపపు సొమ్ము కాదా అని. కాటిలో పనిచేసేవాడికి కూలి ఇవ్వడం పాపం కాదు. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి, వాళ్ళూ తినాలి. దుఃఖం ఎంత ఉందో చూసి ధర కట్టడమే నాకు మింగుడుపడదు. మదుపరిగా చూసినా అదే ప్రమాదం. ఎవరూ అడగలేదు కాబట్టి వచ్చిన లాభం, ఎవరైనా అడిగిన రోజున పోతుంది.

సరే, రెండో విషయం అప్పు. డిగ్నిటీ 2014లో తన పాత అప్పును తిరగరాసి, 60 కోట్ల పౌండ్లకు దగ్గరగా బాండ్లు, అంటే అప్పు పత్రాలు, ఇచ్చింది. కొన్ని 2034లో, కొన్ని 2049లో తీరాలి. అంత పొడవు అప్పు ఎవరిస్తారు? ఈ వ్యాపారంలో రాబడి ఎప్పటికీ తప్పదని నమ్మినవాళ్ళిస్తారు. చావు ఖాయం కాబట్టి అప్పూ ఖాయంగా తీరుతుంది అనే లెక్క అది. అప్పు అలాగే నిలబడింది, ధర నిలబడలేదు. ఏటా కట్టాల్సిన వాయిదాకి ఇన్ని రెట్లు లాభం చూపిస్తూ ఉండాలి అని ఆ బాండ్లలో షరతులుంటాయి. 2022 నాటికి ఆ షరతులు సడలించండని బాండుదార్లని అడగాల్సి వచ్చింది, దహనవాటికల్లో కొన్ని అమ్మి అప్పు తీర్చే ప్రతిపాదన పెట్టాల్సి వచ్చింది. చెరువు మీద అప్పు తెచ్చినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పాలా? రొయ్య ధర పడ్డ ఏడాది వడ్డీ ఏమన్నా తగ్గుతుందా?

2023లో కంపెనీని ఒక మదుపు బృందం కొనేసింది. షేరుకి 550 పెన్సులు, అంటే ఐదున్నర పౌండ్లు. ఎక్స్‌ఛేంజీ నుంచి తీసేశారు. పాతిక పౌండ్లకు కొన్న చిన్న మదుపరికి, ఎక్స్‌ఛేంజీలో ఆ షేరు ఎప్పటికైనా కోలుకుంటుందిలే అని ఎదురుచూసే అవకాశం కూడా లేకుండా పోయింది.

కోవిడ్‌లో వీళ్ళకి బాగా వచ్చి ఉంటుంది అనుకుంటున్నారు మీలో కొందరు, మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. 2020లో అక్కడ మరణాలు బాగా పెరిగాయి. కానీ జనం గుమికూడటం నిషేధం. పూలు లేవు, కార్లు లేవు, సభ లేదు. ఒక్కో అంత్యక్రియ మీద వచ్చే రాబడి తగ్గింది. పైగా, ఆ తర్వాత రెండు మూడేళ్ళలో పోవాల్సిన పెద్దవాళ్ళలో కొందరు ముందే పోయారు. ఇలాంటి వాక్యం పైకి చెప్పడం నాకు కష్టంగా ఉంది. మన వీధుల్లో ఆ 2021 వేసవి ఎలా గడిచిందో మనందరికీ తెలుసు. కానీ ఈ షేరు కొనేవాడు ఏటా ఈ వాక్యం చదవాల్సిందే. చలికాలంలో చలి పెద్దగా లేదు, మరణాలు తగ్గాయి, అందుకని ఆదాయం తగ్గింది అని కంపెనీలు నివేదికల్లో రాస్తాయి. అది చదివి మీరు బాధపడాలా, సంతోషించాలా? కొనేముందు ఆ ప్రశ్న మీరే వేసుకోండి.

ఇక మన కుర్రాడు అడిగిన అమెరికా. అక్కడ పెద్ద కంపెనీ సర్వీస్ కార్పొరేషన్ ఇంటర్నేషనల్, ఎస్‌సీఐ. హ్యూస్టన్లో 1962లో మొదలైంది. ఇవాళ పదిహేను వందలకు దగ్గరగా అంత్యక్రియల గృహాలు, ఐదు వందలకు దగ్గరగా శ్మశాన స్థలాలు. పైన చెప్పిన డిగ్నిటీ కూడా ఒకప్పుడు దీని చేతిలోదే. 2002లో డిగ్నిటీని నడిపే బ్రిటన్ మేనేజర్లే దాన్ని కొనుక్కుని బయటికొచ్చారు.

ఈ కంపెనీలు ఎలా పెరిగాయో చెబుతాను. కళ్ళంలో ధాన్యం బస్తా ధర వేరు, మిల్లు గేటు దగ్గర వేరు కదా? అలాగే ఊరూరా తండ్రీకొడుకులు నడుపుకునే చిన్న అంత్యక్రియల గృహం ఉంటుంది. దాన్ని ఏడాది లాభానికి కొద్ది రెట్లు పెట్టి కొంటారు. అదే లాభం లిస్టయిన కంపెనీ ఖాతాలోకి రాగానే మార్కెట్ దానికి ఎన్నో రెట్లు కడుతుంది. కొన్న రోజే లాభం అన్నమాట. బోర్డు మీద పాత పేరే ఉంచుతారు. మా మేనల్లుడు చూసింది అదే. 1990లలో ఎస్‌సీఐ, కెనడాకి చెందిన లోవెన్ గ్రూపు పోటీ పడి కొన్నాయి. ఇద్దరు కొనేవాళ్ళుంటే ఏమవుతుంది? మన పొలాల దగ్గర ఏమవుతుందో అదే. ధర పెరుగుతుంది, అప్పు పెరుగుతుంది.

లోవెన్ కథ కొంచెం చెప్పాలి. మిసిసిపీ రాష్ట్రంలో ఒక స్థానిక అంత్యక్రియల వ్యాపారి, మాట ఇచ్చి తప్పారని వీళ్ళ మీద కేసు వేశాడు. చిన్న కేసు. 1995లో జ్యూరీ 50 కోట్ల డాలర్లు కట్టమంది. అప్పీలుకి వెళ్ళాలంటే 62.5 కోట్లకు కోర్టులో పూచీ కట్టాలి. కట్టలేక 17.5 కోట్లకు రాజీపడ్డారు. మరుసటి ఏడాది షేరుకి 45 డాలర్లిచ్చి కొంటానని ఎస్‌సీఐ వచ్చింది, లోవెన్ కాదంది. 1999లో దివాలా తీసింది. అదే ఏడాది ఎస్‌సీఐకీ దెబ్బ తగిలింది. 1998లో 40 డాలర్ల పైన ఉన్న షేరు 2000లో 3 డాలర్ల లోపుకి వచ్చింది. ఆ రెండేళ్ళూ అమెరికాలో మనుషులు చనిపోవడం మానలేదండీ.

న్యాయంగా ఇంకో సగం కూడా చెప్పాలి. ఎస్‌సీఐ బతికింది. విదేశీ వ్యాపారాలు అమ్మింది, అప్పు తగ్గించుకుంది, తర్వాత ఏళ్ళ తరబడి తన షేర్లు తనే కొని రద్దు చేసుకుంటూ వచ్చింది. షేర్ల సంఖ్య ఇరవై ఏళ్ళలో సగానికి తగ్గింది. షేరు ధర అడుగున ఉన్నప్పుడు కొని ఓపిక పట్టిన మదుపరులకి చాలా లాభం వచ్చింది. కాబట్టి ఈ రంగంలో డబ్బే లేదని నేను అనడం లేదు.

అక్కడ ఆచారం కూడా మారుతోంది. 2000లో అమెరికాలో నూటికి పాతిక మందికి కాస్త పైన దహనం చేసేవారు, ఇప్పుడు అరవై మందికి పైనే. మనకి దహనం మామూలు. వాళ్ళకి మాత్రం పెట్టె, స్థలం, రాయి లేకపోతే బిల్లు బాగా తగ్గిపోతుంది. బ్రిటన్‌లో సభ, బంధువులు ఏమీ లేకుండా నేరుగా దహనం చేయించేవాళ్ళు 2019లో నూటికి ముగ్గురు, 2023 నాటికి ఇరవై మంది. ధరల పట్టిక కంటే కూడా కంపెనీలని ఎక్కువ భయపెట్టేది ఇదే అని నా అభిప్రాయం. జనం బేరమాడటం లేదు, అసలు ఆ సరుకే వద్దంటున్నారు.

ముందుగా కట్టించుకునే డబ్బు గురించి కూడా ఒక్క మాట. బతికుండగానే తన అంత్యక్రియకి వాయిదాల్లో కట్టే పథకాలు అక్కడ చాలా ఉన్నాయి. చిట్టీ నడిపే మనిషి చేతిలో డబ్బు ఎక్కువగా ఉందని ధనవంతుడని అనుకుంటామా? అది ఇతరుల డబ్బు. ఇదీ అంతే. కంపెనీ పుస్తకాల్లో అది బాకీ. ఆ డబ్బు ట్రస్టులో ఎక్కడ పెట్టారు, షేర్లలోనా, బాండ్లలోనా అని చూడాలి. 2022 మార్చిలో బ్రిటన్‌లో అలాంటి పథకాలమ్మిన ఒక కంపెనీ కూలిపోతే 45 వేల మందికి పైగా పెద్దవాళ్ళు రోడ్డున పడ్డారు. ఆ జులై నుంచి ఈ పథకాలను అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ కిందికి తెచ్చారు.

మన దగ్గర ఇలాంటి పెద్ద లిస్టెడ్ కంపెనీ ఎందుకు లేదని అడుగుతారు. శ్మశానం పంచాయతీది, మున్సిపాలిటీది. పాడె కట్టేది ఇరుగుపొరుగు. ప్రభుత్వాసుపత్రి నుంచి మహాప్రస్థానం వాహనం ఉచితం. జీఎస్టీ చట్టం మూడో షెడ్యూల్లో అంత్యక్రియల సేవ అసలు పన్ను పరిధిలోకే రాదు. నగరాల్లో చిన్న కంపెనీలు మొదలయ్యాయి. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు అమలాపురంలో, పాలకొల్లులో ఉన్న ఇళ్ళు మనకెన్ని లేవు? పాడె మొయ్యడానికి నలుగురు దొరకని రోజు వస్తే ఆ సేవ కావాల్సిందే. అప్పుడు ఈ మాటలు మనకే పనికొస్తాయి.

ఇక కొనే సంగతి. ఇక్కణ్ణించి ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. విదేశీ షేరు ఉంటే రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి, మర్చిపోతే పెద్ద జరిమానా పడొచ్చు. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. అమెరికా డివిడెండులో పాతిక శాతం అక్కడే పట్టుకుంటారు, ఇక్కడ పన్నులో సర్దుబాటు ఉంటుంది. ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. అమెరికా షేర్లు 60 వేల డాలర్లు దాటి ఉండగా మీరు పోతే, అక్కడి వారసత్వ పన్ను 40 శాతం దాకా పడొచ్చు. మనకీ వాళ్ళకీ ఆ పన్ను మీద ఒప్పందం లేదు. అంత్యక్రియల కంపెనీ షేరు కొనేముందు మన వారసుల సంగతి చూసుకోవాలి కదా.

ఏం బాబూ, నువ్వే కదా అడిగింది? నా సమాధానం ఇది. ఆ కంపెనీ పదేళ్ళ నివేదికలు తీసి, లాభం పెరిగిన ప్రతి ఏడాదీ ఒక్కో అంత్యక్రియ మీద రాబడి ఎంత పెరిగిందో, ఎన్ని అంత్యక్రియలు చేశారో పక్కపక్కన రాయి. దాని కింద అప్పు రాయి. ధర పెంచడం వల్లే లాభం పెరిగి, అప్పు కూడా పెరిగి ఉంటే నేను కొనను. స్థలం సొంతమై, అప్పు అదుపులో ఉండి, ధరల పట్టిక గోడ మీద పెట్టి కూడా లాభం నిలబెట్టుకున్న కంపెనీ అయితే, మార్కెట్ బాగా పడ్డ రోజున ఆలోచిస్తాను. ఇవాళ నా దగ్గర ఈ రంగంలో ఒక్క షేరూ లేదు.

ఆ కాగితం వచ్చే నెల తీసుకురా, అందరం కలిసి చూద్దాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఆ వెనక అమ్మగారు ఇందాకట్నుంచీ చెయ్యెత్తుతున్నారు, మైకు ముందు ఆవిడకివ్వండి.